ఎమిలీ వైల్డ్స్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫేరీస్

కెనడా రచయిత్రి హెదర్ ఫాసెట్ ఇంగ్లీషులో రాసిన ఫాంటసీ నవల ఇది. 2023 జనవరిలో అమెరికాలో డెల్ రే, బ్రిటన్‌లో ఆర్బిట్ సంస్థలు ప్రచురించాయి. ఎమిలీ వైల్డ్ అనే కేంబ్రిడ్జి అధ్యాపకురాలు 1909 చలికాలంలో ఉత్తరాన ఒక మంచు దేశానికి వెళ్ళి, అక్కడి ఫేరీల గురించి పరిశోధిస్తూ రాసుకున్న దినచర్యగా కథ సాగుతుంది. దీనికి కొనసాగింపుగా 2024 జనవరిలో ‘ఎమిలీ వైల్డ్స్ మ్యాప్ ఆఫ్ ది అదర్‌లాండ్స్’, 2025 ఫిబ్రవరిలో ‘ఎమిలీ వైల్డ్స్ కంపెండియం ఆఫ్ లాస్ట్ టేల్స్’ వచ్చాయి. ఈ మూడింటినీ కలిపి చదివేవాళ్ళే ఎక్కువ. మొదటి నవల మాత్రం విడిగా చదివినా వెలితి అనిపించదు.

రచయిత్రి బ్రిటిష్ కొలంబియాలోని వాంకూవర్ దీవిలో ఉంటారు. ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చదివారు. అంతకుముందు పిల్లలకూ కౌమారంలో ఉన్నవాళ్ళకూ రాశారు. 2017లో వచ్చిన ‘ఈవెన్ ది డార్కెస్ట్ స్టార్స్’ ఆమె తొలి నవల. పెద్దలకోసం రాయడం ఎమిలీతోనే మొదలైంది.

ఫేరీ అంటే ఎవరు?

తెలుగులో ఈ మాటకు సరిపోయే మాట లేదు. పిల్లల పుస్తకాల్లో ‘దేవకన్య’ అని రాస్తుంటారు. అది చదివిన పిల్లలకు తెల్లటి గౌను, సీతాకోకచిలుక రెక్కలు, చేతిలో నక్షత్రం గుచ్చిన కర్ర కళ్ళకు కడతాయి. ఆ రెక్కలు పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారులూ రంగస్థలం వాళ్ళూ ప్రచారంలో పెట్టినవి. పాత ఐరిష్, స్కాటిష్ కథల్లోని ఫేరీకి రెక్కలు ఉండవు. మనిషంత ఎత్తుండవచ్చు, మోకాలంత ఉండవచ్చు. గుట్ట కింద కాపురం ఉంటుంది, పశువులను మేపుతుంది, సంతకు వస్తుంది, పెళ్ళిళ్ళు చేసుకుంటుంది, ఊరివాళ్ళ పాలు దొంగిలిస్తుంది. కోపం వస్తే పసిబిడ్డను ఎత్తుకుపోతుంది. అప్సరస అందామంటే స్వర్గంతో దీనికి సంబంధం లేదు. దయ్యం అందామంటే ఇది చచ్చినవాళ్ళ ఆత్మ కాదు. యక్షిణి కొంత దగ్గరికి వస్తుంది కానీ, మంత్రంతో వశం చేసుకునే యక్షిణికీ, పక్కింటి మనిషిలా మర్యాద చూపించి నెట్టుకురావాల్సిన ఫేరీకీ చాలా దూరం. అందుకే ఈ వ్యాసంలో ఫేరీని ఫేరీ అనే అంటున్నాం.

ఐర్లండు, స్కాట్లండుల్లో పెద్దవాళ్ళు ఆ పేరు కూడా ఎత్తేవారు కాదు. ‘మంచివాళ్ళు’ అనో, ‘ఆ పెద్దమనుషులు’ అనో అనేవారు. మన పల్లెల్లో చీకటిపడ్డాక పామును పేరుతో పిలవకుండా ‘పురుగు’ అన్నట్టే.

ఫాసెట్ సృష్టించిన ప్రపంచంలో ఫేరీల ఉనికి గురించి ఎవరికీ సందేహం లేదు. వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం లాగానే అక్కడ ‘డ్రైయడాలజీ’ అనే శాస్త్రం ఉంది. దానికి విశ్వవిద్యాలయ శాఖలు, పత్రికలు, పారిస్‌లో అంతర్జాతీయ సదస్సు, పండితుల మధ్య కక్షలు అన్నీ ఉన్నాయి. ఫేరీలను ఆ శాస్త్రం రెండు తెగలు చేసింది. మనుషుల్ని పోలి, అందంగా, ప్రమాదకరంగా ఉండేవి దర్బారు ఫేరీలు. చెట్టు తొర్రల్లో, పొయ్యి పక్కన, ఊటల దగ్గర బతికే చిన్న జీవులు సామాన్య ఫేరీలు. ఎమిలీ ప్రాణంగా ప్రేమించేది రెండో తెగను. వాటన్నిటినీ ఒకచోట చేర్చే తొలి విజ్ఞాన సర్వస్వాన్ని రాస్తోంది. నవల పేరు అక్కడినుంచే వచ్చింది.

కథ

లోస్‌లాండ్ అనేది కల్పిత దేశం. ఐస్‌లాండ్‌ను చూసి అల్లినదని పేర్లే చెబుతాయి. ఐస్‌లాండ్ భాషలో ‘లోస్’ అంటే వెలుగు. ఎమిలీ దిగిన ఊరు రాఫ్న్స్‌విక్. ‘రాఫ్న్’ అంటే బొంతకాకి, ‘విక్’ అంటే అఖాతం. ఆమెకు అద్దెకు ఇల్లిచ్చిన క్రిస్ట్యన్ ఎగిల్సన్ ఇంటిపేరులో ఉన్నది తండ్రి పేరే, ఎగిల్ కొడుకు అని.

ఎమిలీ వయసు ముప్ఫై దగ్గర. ఉద్యోగం ఇంకా శాశ్వతం కాలేదు. ఎన్నో దేశాలు తిరిగింది, ఎన్నో భాషలు వచ్చు, ఫేరీల గురించి ఆమెకు తెలియని కథ లేదు. తెలియనిది మనుషులతో మాట్లాడటం. తోడుగా వచ్చింది షాడో అనే పెద్ద నల్లకుక్క ఒక్కటే. అదీ మామూలు కుక్క కాదని తరవాత తేలుతుంది. వచ్చిన కొత్తలోనే ఊరి పెద్ద ఔద్ మనసు నొప్పిస్తుంది. ఏం తప్పు చేసిందో ఆమెకే తెలియదు. పొయ్యిలోకి కట్టెలు చీల్చుకోవడం కూడా చేతకాదు. గొడ్డలి ఎత్తితే దుంగ మీద పడదు. ఊరివాళ్ళు ముఖం చాటేస్తారు.

ఊరికి దగ్గర్లో, అడవిలో, వేడినీటి ఊట పక్క చెట్టులో ఉండే చిన్న ఫేరీ ఒకటి ఆమెకు స్నేహితుడవుతాడు. అతనికి పో అని పేరు పెడుతుంది. వాళ్ళ మధ్య బేరాలు, కానుకలు, ప్రశ్నలు నడుస్తాయి. నవలలో అన్నిటికన్నా ముచ్చటైన పేజీలు ఇవే. సూదుల్లాంటి వేళ్ళున్న ఆ పిరికి జీవి, గడ్డకట్టే చలిలో కూర్చుని జాగ్రత్తగా ప్రశ్నలు వేసే ఈ మనిషి, ఇద్దరూ ఒకరినొకరు బెదరగొట్టకుండా దగ్గరవుతారు.

ఈలోగా కేంబ్రిడ్జి నుంచి పిలవకుండానే వెండెల్ బాంబిల్‌బీ దిగుతాడు. ఐర్లండు మనిషి, అందగాడు, సోమరి, అందరికీ ఇష్టుడు, ఎమిలీకి పోటీదారు. వచ్చీరాగానే ఊరంతటినీ బుట్టలో వేసుకుంటాడు. అతను మనిషి కాదనీ, సవతితల్లి రాజ్యం నుంచి వెళ్ళగొట్టిన ఐరిష్ ఫేరీ రాజనీ ఎమిలీకి ముందే అనుమానం. అనుమానం నిజమవుతుంది. రాజైనా అతని వంశంలో ఇల్లు చక్కదిద్దే చిన్న ఫేరీల రక్తం కొంత ఉంది. అందుకని అతను సూదీదారం పట్టాడంటే ఎంత చిరిగిన కోటైనా కొత్తదైపోతుంది, చిందరవందర గది చూస్తే ప్రాణం విలవిల్లాడుతుంది.

కథ ఇక్కడినుంచి చీకటిలోకి దిగుతుంది. ఒక ఇంట్లో బిడ్డను ఎత్తుకుపోయి, బదులుగా ఫేరీ పిల్లను ఉంచారు. దాని మాయల వల్ల తల్లిదండ్రులు పిచ్చివాళ్ళయ్యే స్థితికి వచ్చారు. ఊళ్ళో కట్టెలు కొట్టే లిల్యా, ఆమె ప్రియురాలు మార్గ్రెట్ మంచులో మాయమవుతారు. ఎమిలీ, వెండెల్ వెతుక్కుంటూ వెళ్ళి వాళ్ళను వెనక్కి తెస్తారు. ఆ దారిలో వెండెల్ చేసిన హింస చూస్తే, అతన్ని చూసి నవ్వుకున్న పాఠకుడికి వెన్నులో చలి పుడుతుంది. అడవి నడుమ తెల్లటి చెట్టులో బందీగా ఉన్న మంచు రాజు సంగతి చివరి భాగం. చెట్టును ముట్టుకోవద్దని ఎమిలీకి తెలుసు. తెలిసీ మాయకు లొంగి రాజును విడిపిస్తుంది. రాజు ఆమెను పెళ్ళికూతురిగా మంచు కొలువుకు తీసుకుపోతాడు. అక్కడినుంచి ఆమెను తప్పించడానికి వెండెల్‌తోపాటు ఊరివాళ్ళూ పూనుకుంటారు. మొదట్లో పలకరించని ఊరివాళ్ళే.

ఇచ్చిపుచ్చుకోవడం

నవల బలమంతా ఈ చివరి సంగతిలోనే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ప్రేమకథ, మాయలు, మంచు పైపైనవి. కింద నడిచేది బాకీల లెక్క.

ఫేరీల లోకం ఇచ్చిపుచ్చుకోవడం మీద నిలబడుతుంది. ఇది ఫాసెట్ కల్పన కాదు, పాత కథలన్నిటిలోనూ ఉన్నదే. వాళ్ళు పెట్టిన తిండి తింటే అక్కడే ఉండిపోవాలి. ఇచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకోవాలి. కానుక తీసుకుంటే బదులు ఇవ్వాలి. ఆ బదులు ఎంతో, ఎప్పుడో లెక్క తప్పకూడదు. స్కాట్లండు, ఉత్తర ఇంగ్లండు ఇళ్ళలో రాత్రిపూట వచ్చి పనులు చేసిపెడుతుందనే బ్రౌనీ సంగతి చూడండి. పొయ్యి దగ్గర గిన్నెలో మీగడ, ఒక రొట్టె ఉంచితే తిని గింజలు దంచిపెడుతుంది, ఇల్లు ఊడుస్తుంది. జాలిపడి దానికి కొత్త బట్టలు కుట్టి పెట్టారా, ఇక ఆ ఇంటి గడప తొక్కదు. మీగడకూ బట్టలకూ తేడా ఏమిటని పండితులు రకరకాలుగా చెప్పారు. మీగడ మర్యాద, బట్టలు జీతం అనేది అందులో నాకు నచ్చిన మాట. జీతం ముట్టిందంటే సంబంధం తెగిపోయినట్టే.

ఎమిలీకి ఈ లెక్కలన్నీ కంఠతా వచ్చు. పో దగ్గర ఒక్క మాట జారదు. అదే లెక్క రాఫ్న్స్‌విక్ జనానికీ వర్తిస్తుందని మాత్రం తట్టదు. ఊరికి వచ్చిన మనిషి ముందు ఊరి పెద్దను కలవాలని, చేసిన సాయానికి వెంటనే డబ్బు చేతిలో పెడితే అవమానమని, పెట్టింది తిని కాసేపు కూర్చుని కబుర్లు చెప్పాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పల్లెటూరు తెలిసినవాళ్ళకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. పక్కింటి నుంచి గిన్నెలో కూర వస్తే గిన్నె ఖాళీగా తిప్పి పంపం. ఇంత చక్కెరో, నాలుగు పచ్చిమిరపకాయలో వేసి ఇస్తాం. ఎమిలీ గిన్నె కడిగి, తుడిచి, ఖాళీగా తిప్పి పంపే మనిషి. నవల సాగేకొద్దీ ఆమె ఆ గిన్నెలో ఏదో ఒకటి వేయడం నేర్చుకుంటుంది.

ఎత్తుకుపోయిన బిడ్డను ఆమె తెచ్చిచ్చాక ఊరంతా ఆమెకు రుణపడుతుంది. ఆ రుణాన్ని ఎలా అందుకోవాలో తెలియక ఆమె పడే ఇబ్బంది, మంచు రాజు ముందు పడిన ఇబ్బంది కన్నా సూక్ష్మంగా రాశారు ఫాసెట్.

నిజం పండితులు

ఫేరీలను పరిశోధించిన విద్వాంసులు నిజంగానే ఉన్నారు. వాళ్ళ కథ తెలిస్తే నవల రుచి రెట్టింపవుతుంది.

వాళ్ళలో మొదట చెప్పాల్సినవాడు స్కాట్లండులోని ఆబర్‌ఫాయిల్ చర్చి గురువు రాబర్ట్ కర్క్. 1644లో పుట్టాడు. గేలిక్ భాషలో కీర్తనలను ప్రచురించినవాడు, గేలిక్ బైబిల్ అచ్చు పని చూడటానికి లండన్ వెళ్ళినవాడు. 1691 ప్రాంతంలో తన చుట్టుపక్కల కొండజాతి వాళ్ళు చెప్పిన ఫేరీ సంగతులన్నిటినీ ‘ది సీక్రెట్ కామన్‌వెల్త్’ పేరుతో రాశాడు. ఎగతాళిగా కాదు, బెదిరింపుగా కాదు, ఒక దేశపు ప్రజల గురించి రాసినట్టు రాశాడు. వాళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయి, ఏం తింటారు, ఏ కాలంలో ఇళ్ళు మారతారు అని. మనిషికీ దేవదూతకూ నడుమ ఉండే జాతి అని తేల్చాడు. ఆ పుస్తకం చాలాకాలం రాతప్రతిగానే ఉండిపోయి, 1815లో వాల్టర్ స్కాట్ చొరవతో అచ్చయింది.

పందొమ్మిదో శతాబ్దంలో సేకరణ ఊపందుకుంది. జర్మనీలో గ్రిమ్ సోదరుల కథలు 1812లో వెలువడ్డాయి. దక్షిణ ఐర్లండు కథలను థామస్ క్రాఫ్టన్ క్రోకర్ 1825లో అచ్చువేస్తే, మరుసటి ఏడే గ్రిమ్ సోదరులు వాటిని జర్మన్‌లోకి తెచ్చారు. 1828లో థామస్ కైట్లీ దేశదేశాల ఫేరీలను ఒక్కచోట పేర్చాడు. 1878లో లండన్‌లో ఫోక్‌లోర్ సొసైటీ ఏర్పడింది. యేట్స్ 1888లో ఐరిష్ ఫేరీ కథల సంకలనం తెచ్చాడు. ఎమిలీ చేయబూనిన సర్వస్వానికి నిజజీవితంలో దగ్గరగా వచ్చేది ఇంగ్లండు విదుషీమణి కాథరిన్ బ్రిగ్స్ 1976లో తెచ్చిన ‘ఎ డిక్షనరీ ఆఫ్ ఫేరీస్’. ఆమె 1898లో పుట్టారు. ఆక్స్‌ఫర్డులో డాక్టరేట్ తీసుకున్నారు. ఫోక్‌లోర్ సొసైటీకి అధ్యక్షురాలిగా పనిచేశారు. ఈనాడు ఇంగ్లీషులో ఫేరీల గురించి రాసేవాళ్ళందరూ ఏదో ఒక దశలో ఆమె గుమ్మం ముందు ఆగినవాళ్ళే.

ఎమిలీ మంచులో దినచర్య రాసుకుంటున్న ఆ ఏళ్ళలోనే ఒక అమెరికన్ యువకుడు నిజంగా ఇదే పని మీద తిరిగాడు. పేరు వాల్టర్ ఎవాన్స్-వెంట్జ్. ఐర్లండు, స్కాట్లండు, మాన్ దీవి, వేల్స్, కార్న్‌వాల్, బ్రిటనీ తిరిగి ముసలివాళ్ళ చేత ఫేరీ అనుభవాలు చెప్పించుకుని, 1911లో ‘ది ఫేరీ-ఫెయిత్ ఇన్ కెల్టిక్ కంట్రీస్’ ప్రచురించాడు. విన్నవన్నీ మూఢనమ్మకమని కొట్టిపారేయలేదు. ఫేరీలు నిజంగానే ఉండవచ్చన్న వైపే మొగ్గాడు. తరవాత భారతదేశానికి వచ్చాడు. గాంగ్‌టోక్‌లో లామా కాజీ దవా సందుప్ అనువాదాలు చేస్తుంటే ఆయనతో కలిసి పనిచేశాడు. 1927లో వచ్చిన ‘టిబెటన్ బుక్ ఆఫ్ ది డెడ్’ ఇంగ్లీషు ప్రతి ఆ పనిలోంచి పుట్టిందే. ఆ పుస్తకం తెలిసినవాళ్ళలో చాలామందికి ఆ మనిషి ఫేరీల దగ్గర మొదలైనవాడని తెలియదు.

తెలుగు నేల మీద ఫేరీలు లేకున్నా, ఎమిలీ చేసినలాంటి పని చేసినవారు ఉన్నారు. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి, పాటను పాడేవాళ్ళ నోట వింటూ రాసుకునే పద్ధతికి విశ్వవిద్యాలయంలో పీట వేశారు. చదువుకున్న మనిషి కాగితం, కలం పట్టుకుని దంపుళ్ళ దగ్గరికో నాట్ల దగ్గరికో వెళ్ళి నిలబడితే, ఆ ఆడవాళ్ళు ముందు సిగ్గుపడి నవ్వడం, తరవాత ఎప్పుడో పాట అందుకోవడం క్షేత్ర పరిశోధన చేసినవాళ్ళందరికీ తెలిసిన సంగతే. రాఫ్న్స్‌విక్‌లో ఎమిలీకి ఎదురైంది ఆ మొదటి మౌనమే.

ఐస్‌లాండ్ నీడ

నవలలో ఫేరీలను ఊరివాళ్ళు ‘దాగి ఉన్నవాళ్ళు’ అంటారు. ఐస్‌లాండ్‌లో ‘హుల్డుఫోల్క్’ అనే మాటకు అర్థం అదే, కంటికి కనపడకుండా దాగిన జనం. రాళ్ళలో, గుట్టల్లో కాపురం ఉంటారు. మనుషుల్లాగే గొర్రెలు కాచుకుంటారు, చేపలు పట్టుకుంటారు. వాళ్ళ కథలను పోగుచేసింది యోన్ అర్నాసన్ అనే గ్రంథాలయాధికారి. మాగ్నుస్ గ్రిమ్సన్ అనే చర్చి గురువుతో కలిసి 1852లో చిన్న సంపుటం తెచ్చాడు. దానికి ఆదరణ రాక పని ఆగిపోయింది. 1858లో కొన్‌రాడ్ మౌరర్ అనే జర్మన్ పండితుడు ఐస్‌లాండ్ వచ్చి ప్రోత్సహించడంతో మళ్ళీ మొదలైంది. 1862-64లో రెండు పెద్ద సంపుటాలు అచ్చయ్యాయి, ఐస్‌లాండ్‌లో కాదు, జర్మనీలోని లైప్‌జిగ్‌లో.

ఆ కథలు ఇప్పటికీ దారుల మీద కనిపిస్తాయి. రేక్యావిక్ పక్కనే ఉన్న కోపవోగుర్ పట్టణంలో ఆల్ఫ్‌హోల్, అంటే ఫేరీ గుట్ట, అని ఒక దిబ్బ ఉంది. దాని దగ్గరకు వచ్చేసరికి రోడ్డు సన్నబడి, గుట్టను తప్పుకుని పోతుంది. 2013లో రేక్యావిక్ దగ్గర లావా నేల మీదుగా రోడ్డు వేయబోతే పర్యావరణవాదులు అడ్డుపడ్డారు. అది దాగిన జనం నివాసమన్నవాళ్ళూ వాళ్ళతో గొంతు కలిపారు. రోడ్డు మధ్యలో వచ్చిన గుడిని, రావిచెట్టును కదపడానికి మన దగ్గర జరిగే తర్జనభర్జనలు ఎరిగినవాళ్ళకు దీన్ని చూసి నవ్వు రాదు.

లోస్‌లాండ్ అని వేరే పేరు పెట్టడంలో రచయిత్రికి స్వేచ్ఛ దొరికింది. నిజం ఐస్‌లాండ్‌లో పెద్ద అడవులు లేవు. జనం వచ్చి స్థిరపడ్డాక గొడ్డలికీ గొర్రెలకూ బలైపోయాయి. నవలకేమో అడవి కావాలి, అడవిలో తెల్లటి చెట్టు కావాలి.

మారుబిడ్డ

ఈ నవలను హాయిగా చదివే నవల అంటారు. ఇందులోని మారుబిడ్డ ఘట్టం వెనక ఉన్న చరిత్ర మాత్రం హాయినిచ్చేది కాదు. ఎదగని బిడ్డ, నడవని బిడ్డ, ఆగకుండా ఏడ్చే బిడ్డ పుడితే అసలు బిడ్డను ఫేరీలు తీసుకుపోయి దీన్ని ఉంచారని యూరప్‌లో చాలాచోట్ల నమ్మేవారు. ఆ నమ్మకంతో పసివాళ్ళను మంచులో పడుకోబెట్టిన, నిప్పుల దగ్గర ఉంచిన సందర్భాలున్నాయి. పెద్దవాళ్ళకూ ఆ గతి తప్పలేదు. 1895 మార్చిలో ఐర్లండులోని టిప్పరరీ ప్రాంతంలో బ్రిజెట్ క్లియరీ అనే యువతి జబ్బుపడింది. ఆమె తన భార్య కాదనీ, ఫేరీ అనీ మైఖేల్ క్లియరీ పట్టుబట్టాడు. బంధువుల కళ్ళముందే ఆమెను కాల్చాడు. బ్రిజెట్ బట్టలు కుట్టేది, కోళ్ళు పెంచేది, తన సంపాదన తనకు ఉన్న మనిషి. న్యాయస్థానం మైఖేల్‌కు 20 ఏళ్ళు శిక్ష వేసింది, 15 ఏళ్ళు జైల్లో ఉన్నాడు.

ఫాసెట్ కథలో మారుబిడ్డ నిజంగానే ఫేరీ కాబట్టి ఈ చిక్కు అంతా తప్పిపోతుంది. దానితో కఠినంగా మాట్లాడినా, బెదిరించినా పాఠకుడి మనసు కలుక్కుమనదు. నాకు మాత్రం అక్కడ మనసు కొంచెం ఆగింది. ఆ ఫేరీ పిల్ల కూడా ఇల్లు వదిలి వచ్చినదే, దానికీ ఒంటరితనం ఉందని రచయిత్రి గుర్తుచేస్తుంది. ఆ నాలుగు మాటలు లేకపోతే ఆ ఘట్టాన్ని క్షమించడం కష్టమయ్యేది.

కేంబ్రిడ్జిలో స్త్రీ

1909లో ఎమిలీ కేంబ్రిడ్జిలో పాఠాలు చెబుతుంది, వెండెల్‌తో సమానంగా వాదిస్తుంది, ఎప్పుడు శాశ్వత ఉద్యోగం వస్తుందా అని ఎదురుచూస్తుంది. నిజం కేంబ్రిడ్జిలో అప్పటికి స్త్రీలకు పట్టా కూడా ఇవ్వలేదు. గర్టన్ కళాశాల 1869లోనే మొదలైంది, 1881 నుంచి స్త్రీలు పరీక్షలు రాస్తున్నారు, నెగ్గుతున్నారు. పట్టా మాత్రం లేదు. 1897లో దానిమీద ఓటింగ్ జరిగిన రోజున కుర్రకారు సెనేట్ హౌస్ ఎదురుగా ఒక పుస్తకాల దుకాణం పైనుంచి సైకిలెక్కిన స్త్రీ బొమ్మను వేలాడగట్టారు. ప్రతిపాదన ఓడిపోయాక ఆ బొమ్మను కిందికి లాగి ముక్కలు చేశారు. స్త్రీలకు పూర్తి పట్టా దక్కింది 1948లో. కేంబ్రిడ్జిలో ఆచార్య పదవి పొందిన తొలి మహిళ పురావస్తు శాస్త్రవేత్త డొరొతీ గారడ్, 1939లో. పట్టా పుచ్చుకునే హక్కు లేనిచోట ఆచార్యురాలు అయిందన్నమాట.

నవల ఈ గాయాన్ని ముట్టుకోదు. ఫేరీలున్న ప్రపంచంలో చరిత్ర వేరుగా నడిచి ఉండవచ్చని సరిపెట్టుకోవచ్చు. అయినా, ఎమిలీ మొండితనం, తన పని తప్ప మరేదీ పట్టని తీరు, ఎవరూ తనను లోకువ కట్టకూడదన్న పంతం ఆ చరిత్రలో పెట్టి చూస్తే ఇంకా పదునెక్కేవి. రచయిత్రి చేజార్చుకున్న పెద్ద అవకాశం ఇదే.

రూపం, శైలి

కథంతా ఎమిలీ దినచర్య. తేదీలుంటాయి, అడుగున పాదసూచికలుంటాయి. లేని పండితులు రాసిన లేని పుస్తకాలను ఆమె శ్రద్ధగా ఉదహరిస్తుంది. ఎవరో ఎక్కడో తప్పు రాశారని కోప్పడుతుంది. నడుమ నడుమ లోస్‌లాండ్ జానపద కథలు పూర్తిగా చెబుతుంది. కల్పిత పాదసూచికలతో ఫాంటసీ రాయడం కొత్త కాదు. సుజానా క్లార్క్ 2004 నాటి ‘జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్’లో దాన్ని శిఖరానికి చేర్చింది. మేరీ బ్రెనన్ 2013లో మొదలుపెట్టిన లేడీ ట్రెంట్ నవలల్లో డ్రాగన్లను పరిశోధించే స్త్రీ తన అనుభవాలు రాస్తుంది. ఫాసెట్ పాదసూచిక క్లార్క్‌దంత లోతుగా ఉండదు. మనిషిని పట్టిస్తుంది. ప్రాణం మీదికి వచ్చిన రాత్రి గురించి రాస్తూ కూడా ఎమిలీ కింద సూచిక ఇవ్వకుండా ఉండలేదు. భయాన్ని ఆమె అలా అదుపులో పెట్టుకుంటుందని మెల్లగా అర్థమవుతుంది.

ఒకచోట దినచర్య వెండెల్ చేతికి చిక్కుతుంది. అతనే కొన్ని పేజీలు రాస్తాడు. తేదీలూ సూచికలూ పోయి మాట గలగలా పారుతుంది. ఎమిలీ తనను తాను ఎలా దాచుకుందో అతని కళ్ళతో చూసినప్పుడే బయటపడుతుంది. అతని మీద క్షేత్ర పరిశోధనలో లేనివి కల్పించాడన్న అపవాదు ఉంది. దాన్ని ఎమిలీ అన్నిటికన్నా పెద్ద నేరంగా చూస్తుంది. పండితులకు ఇది నవ్వులాట కాదు. 1917లో ఇంగ్లండులోని కాటింగ్లీలో ఇద్దరు ఆడపిల్లలు కాగితం బొమ్మలు కత్తిరించి, టోపీ పిన్నులతో నిలబెట్టి ‘ఫేరీల’ ఫొటోలు తీస్తే, షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ అంతటివాడు నమ్మి 1922లో పుస్తకమే రాశాడు. ఆ పిల్లలు ముసలివాళ్ళయ్యాక 1983లో నిజం ఒప్పుకున్నారు.

ఈ నవలను చేర్చే తరగతి పేరు ‘కోజీ ఫాంటసీ’. లోకాన్ని రక్షించే యుద్ధాలకు బదులు పొయ్యి, రొట్టె, స్నేహం, చిన్న ఊరు ఉండే ఫాంటసీని అలా అంటున్నారు. ట్రావిస్ బాల్డ్రీ 2022లో సొంతంగా అచ్చువేసుకున్న ‘లెజెండ్స్ అండ్ లాటేస్’తో ఆ పేరు బాగా పాకింది. అందులో ఒక పోరాటయోధురాలు కత్తి పక్కన పెట్టి కాఫీ దుకాణం తెరుస్తుంది. మహమ్మారి తరవాతి ఏళ్ళలో ఇలాంటి పుస్తకాలు పాఠకులకు ఊరట అయ్యాయి. ఎమిలీ నవల ఈ తరగతిలో సగమే ఇముడుతుంది. వెండెల్ సర్దిన గది, నిప్పు ముందు పడుకున్న షాడో, పో తెచ్చే రొట్టె, ఊరి సత్రంలో కబుర్లు ఒక సగం. రెండో సగంలో నెత్తురుంది, చలికి ప్రాణాలు పోతాయి, దర్బారు ఫేరీల క్రూరత్వానికి కారణం కూడా ఉండదు. ఆ చలి ఉండబట్టే పొయ్యి వెచ్చదనం తెలుస్తుంది. కాబట్టి కోజీ అన్న చీటీ చూసి నిద్రపుచ్చే పుస్తకమనుకోవద్దు.

లోపాలు లేకపోలేదు. వెండెల్, ఎమిలీల ప్రేమ ముదిరేకొద్దీ ఊరివాళ్ళు వెనక్కి జరుగుతారు. ఔద్ లాంటి గట్టి మనిషికి ఇంకా చోటు ఉండాల్సింది. కొన్ని చిక్కుముళ్ళు వెండెల్ మాయతో మరీ సులువుగా విడిపోతాయి.

తరవాతి నవలలు

రెండో నవలలో 1910లో ఎమిలీ ఆస్ట్రియా ఆల్ప్స్‌లోని ఒక పల్లెకు వెళుతుంది. వెండెల్ రాజ్యంలోకి తెరుచుకునే వాకిలి కోసం వెతుకులాట. అతని మీద హత్యాప్రయత్నాలు జరుగుతుంటాయి. ఎమిలీ వెంట ఆమె అన్న కూతురు అరియాడ్నీ, శాఖాధిపతి ఫారిస్ రోజ్ ఉంటారు. మూడో నవల వెండెల్ రాజ్యంలోనే జరుగుతుంది. పరిశోధకురాలు ఇప్పుడు రాణి కావాలి, తాను రాసుకున్న సూత్రాల లోపల తానే బతకాలి. మొదటి పుస్తకపు పల్లె గాలి వీటిలో తక్కువ, కొలువు రాజకీయం ఎక్కువ. చదివించే గుణం తగ్గలేదు. అయినా రాఫ్న్స్‌విక్ చలి కోసం మనసు వెనక్కి పోతుంది.

రెండో నవలలో కథను కదిలించేది డానియెల్ డి గ్రే అనే పండితురాలు. 1861లో ఫేరీల దారి వెతుకుతూ వెళ్ళి మాయమైందని ఎమిలీ శాస్త్రంలో చెప్పుకుంటారు. ఈ కల్పన చదవగానే మళ్ళీ గుర్తొచ్చేవాడు రాబర్ట్ కర్క్. ‘ది సీక్రెట్ కామన్‌వెల్త్’ రాసిన మరుసటి ఏడే, 1692 మేలో, రాత్రి అంగీ వేసుకుని ఆబర్‌ఫాయిల్ పక్కనున్న డూన్ హిల్ అనే గుట్ట మీద షికారుకు వెళ్ళి కుప్పకూలాడు. చర్చి పెరట్లో ఆయన సమాధి ఉంది. అందులో ఆయన లేడని, గుట్టలోని వాళ్ళు తమ రహస్యాలు బయటపెట్టినందుకు తీసుకుపోయారని ఊరివాళ్ళు చెప్పుకున్నారు. ఆయన బంధువుకు కనబడి, తన బిడ్డకు నామకరణం జరిగేటప్పుడు వస్తానని, అప్పుడు తన తల మీదుగా కత్తి విసిరితే విడుదల దొరుకుతుందని అన్నాడట. ఇనుమంటే ఫేరీలకు భయమని నమ్మకం. నామకరణం నాడు కర్క్ నిజంగానే కనిపించాడట. ఆ బంధువు నిర్ఘాంతపోయి చేతిలో కత్తి ఉండీ విసరడం మరిచిపోయాడట. డూన్ హిల్ పైన ఒక పెద్ద పైన్ చెట్టుంది. కర్క్ ఆత్మ అందులోనే ఉందంటారు. ఇప్పటికీ ఆ దారిన పోయేవాళ్ళు గుడ్డపీలికల మీద, కాగితాల మీద కోరికలు రాసి, మనం ముడుపు కట్టినట్టు అక్కడి కొమ్మలకు కట్టి వస్తుంటారు.